బుర్రావారు ఆనందాన్ని పట్టుకున్న కథ

ఈతలమెరకలో ఇంటిపేరు లేని ఇల్లు లేదు. కానీ ఇంటిపేర్లోనే తెలివి ఉన్న ఇల్లు మాత్రం ఒక్కటే, బుర్రావారిల్లు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు. బుర్రావాళ్ళే అనుకున్నది. కాలవగట్టు మీద ఎవరు కనబడినా ఆపి మరీ చెప్పేవారు.

"ఊరందరికీ బుర్ర మెడమీదొక్కటే ఉంటుందండీ. మాకు మెడమీదొకటి, ఇంటిపేర్లో ఒకటి," అనేవాడు కోటిలింగం. ఆ ఇంటికి ఆయనే పెద్ద.

"అంటే రెండు," అని వేళ్ళు చూపించేది ఆయన పెళ్ళాం మాణిక్యం, వినేవాళ్ళకి లెక్క తెలీదేమోనని.

కోటిలింగానికి పెళ్ళికాని తమ్ముడొకడున్నాడు, పిచ్చయ్య. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని పరిగెత్తుకొచ్చేంత జాగ్రత్త గల మనిషి. ఇంకా మేనత్త నాగరత్తమ్మ ఉంది. చిన్నప్పుడే మొగుడు పోతే పుట్టింటికొచ్చేసి, తల్లిలేని ఈ అన్నదమ్ములిద్దర్నీ ఆవిడే పెంచింది. రోజూ దీపం ఆర్పేసి, ఆరిందో లేదో చీకట్లో సరిగ్గా కనబడటం లేదని, మళ్ళీ దీపం వెలిగించి చూసుకునేది. తెలివి ఆ ఇంట్లో ఆవిడ దగ్గర్నించే వచ్చిందని అందరూ ఒప్పుకునేవారు. అందరూ అంటే ఆ నలుగురూ.

ఈ నలుగురికీ గౌరి అని ఒక గేదె. దాని పాలు పితకడం, వాడికగా కొనేవాళ్ళకి పొయ్యడం, మిగిలింది తాగడం, గారెలొండుకున్ననాడు గారెలు తినడం, పొద్దువాలాక అరుగు మీద కూర్చుని నవ్వుకోవడం. ఇంతే వాళ్ళ బతుకు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకి తెలిసేది కాదు. అయినా నవ్వు మాత్రం ఆగేది కాదు.

ఇలా ఉండగా ఆ ఇంట్లోకి టీవీ వచ్చింది. టీవీలోంచి తుఫాన్ స్టార్ శశిభూషణ్ వచ్చాడు.

శశిభూషణ్ అంటే మాటలా! ఆయన తొడకొడితే లారీలు బోల్తాపడేవి. కంటిచూపుతో రైలాపేవాడు. వయసు మళ్ళిందో, తొడే నొప్పెట్టిందో, ఈమధ్య సినిమాలు తగ్గించేసి, రోజూ పొద్దున్నే తెల్ల లాల్చీ వేసుకుని 'ఆనందానికి అడ్రస్' అనే కార్యక్రమంలో జనానికి ఎలా బతకాలో చెప్తున్నాడు.

మొదటిరోజు ఆయన కనబడి "నమస్కారం" అన్నాడు. బుర్రావాళ్ళు నలుగురూ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. నాగరత్తమ్మ "కాఫీ తాగుతావా నాయనా" అని కూడా అడిగింది. ఆయన వద్దనలేదు, కావాలనలేదు. సూటిగా వాళ్ళకేసి వేలు చూపించి ఒక్కటే మాటన్నాడు.

"మీరు ఆనందంగా ఉన్నామని అనుకుంటున్నారు. లేరు! మీరు ఆనందంగా లేరు!"

ఇంకేముంది. నలుగురి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు.

"అయ్యయ్యో, ఎప్పట్నించండీ?" అంది మాణిక్యం.

"నాకూ ఇప్పుడే తెలిసిందే," అన్నాడు కోటిలింగం గుండె పట్టుకుని.

"మరి నిన్న గారెలు తిన్నప్పుడో?" అన్నాడు పిచ్చయ్య. "నేను పదకొండు తిన్నాను. నవ్వుకుంటూ తిన్నాను."

"అది ఆనందం కాదన్నమాటరా. ఊరికే ఆకలి," అని నాగరత్తమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని బావురుమంది. ఆవిణ్ణి చూసి మాణిక్యం, మాణిక్యాన్ని చూసి పిచ్చయ్య, వీళ్ళందర్నీ చూసి కోటిలింగం. ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

పక్కింటి సూరాయమ్మ చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "ఎవరు పోయార్రా?" అంది.

"ఎవరూ పోలేదు పిన్నీ. మేం ఆనందంగా లేమట," అన్నాడు కోటిలింగం.

"ఎవడన్నాడు? ఈ ఊళ్ళో ఆనందంగా ఉన్నది మీరొక్కళ్ళే కదరా! మీ నవ్వులకి నాకు మధ్యాహ్నం కునుకే పట్టదు."

కోటిలింగం ఆవిడకేసి జాలిగా చూశాడు. "పిన్నీ, నువ్వే సినిమాలో చేశావు?"

సూరాయమ్మ ఏ సినిమాలోనూ చెయ్యలేదు. అంతే, ఆవిడ మాట చెల్లలేదు.

మర్నాడు శశిభూషణ్ గారు, "ఆనందం కావాలంటే ముందు తలదించుకు బతకడం మానండి. తలెత్తుకు తిరగండి!" అన్నాడు.

అంతే. నలుగురూ తలలెత్తేశారు. గడ్డాలు ఆకాశంకేసి, కళ్ళు మబ్బులకేసి. కోటిలింగం తలెత్తుకుని పాలక్యాను పట్టుకుని బయల్దేరి, రోజూ నడిచే దారే కదా అని నడుస్తూ నడుస్తూ పెంటగుంటలో దిగబడ్డాడు. నడుందాకా దిగబడ్డా తల మాత్రం దించలేదు. "ఏవిట్రా కాలికింద మెత్తగా ఉంది?" అనుకుంటూనే, "ఆనందం దగ్గరకొచ్చేసినట్టుంది," అని మురిసిపోయాడు.

మాణిక్యం తలెత్తుకుని పొయ్యి మీద గిన్నె అనుకుని పిల్లి మీద ఎసరు పోసింది. ఎసరింకా కాగలేదు కాబట్టి పిల్లి బతికింది. కానీ ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. పిచ్చయ్య గౌరి పొదుగనుకుని పక్కింటివాళ్ళ దున్నపోతు దగ్గర చెంబు పెట్టుకు కూర్చున్నాడు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. వాడు గాల్లోకి లేచి గడ్డివామి మీద పడి, "అన్నయ్యా, తలెత్తితే ఇంత ఎత్తుకెళ్తామని తెలీదురా!" అని అరిచాడు.

సూరాయమ్మ వచ్చి ఒకణ్ణి పెంటలోంచి లాగి, ఇంకొకణ్ణి వామి మీంచి దింపింది. "తలెత్తుకు తిరగడమంటే సిగ్గుపడే పని చెయ్యకుండా బతకడంరా!" అంది.

"అలా అయితే ఆయన అలాగే చెప్పేవాడుగా?" అన్నాడు పిచ్చయ్య. సూరాయమ్మ నుదురు కొట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఒకరోజు ఇంకో మాట వచ్చింది. "మనకి ఆనందం ఇవ్వని వస్తువు మన ఇంట్లో ఉండకూడదు. ఒక్కొక్కదాన్నీ చేతుల్లోకి తీసుకోండి. నువ్వు నాకు ఆనందం ఇస్తున్నావా, అని అడగండి. జవాబు రాకపోతే వదిలించుకోండి!"

ఇంకేముంది, విచారణ మొదలైంది.

మాణిక్యం చేట చేతిలోకి తీసుకుని, "చేటమ్మా చేటమ్మా, నువ్వు నాకు ఆనందం ఇస్తున్నావా?" అంది. చేట ఉలకలేదు, పలకలేదు. "పెళ్ళైన దగ్గర్నించీ చెరుగుతున్నాను, ఒక్కమాటా లేదు చూడండి దీనికి," అని వీధిలోకి విసిరేసింది. కత్తిపీట పలకలేదు, వీధిలోకి. ఊరగాయ జాడీ పలకలేదు, వీధిలోకి. ఇత్తడి చెంబు పిచ్చయ్య చేతిలోంచి జారి ఖంగుమంది. "ఇస్తానంటోంది వదినా!" అని దాన్ని దేవుడి పక్కన పెట్టారు.

రుబ్బురోలుని చేతుల్లోకి తీసుకోమన్నాడు కాబట్టి తీసుకోవాల్సిందే. అన్నదమ్ములిద్దరూ దాన్ని ఎత్తి, కళ్ళు బైర్లు కమ్ముతుంటే, "ఆ...నందం... ఇస్తున్నా...వా?" అని మూలిగారు. అది కోటిలింగం కాలిమీద పడింది. కోటిలింగం "అమ్మో!" అన్నాడు.

"పలికింది!" అన్నాడు పిచ్చయ్య.

"అది నేనురా!"

"నువ్వా? అయితే రోలు పోవాల్సిందే."

పోయింది. గౌరిని చేతుల్లోకి తీసుకోవడం కుదరక, దాని మూతిని తీసుకుని అడిగారు. అది బారుగా అరిచింది. ఉండిపొమ్మన్నారు. చివరికి ఇంట్లో అడగాల్సింది ఇంకెవరు మిగిలారా అని చూస్తే, మూల పీటమీద నాగరత్తమ్మ కనబడింది.

"అత్తని కూడా అడగాలంటావా?" అన్నాడు పిచ్చయ్య కొంచెం జంకుతూ.

"ఇంట్లో ఉన్నవన్నీ అన్నాడు కదరా. అత్త ఇంట్లోనే ఉంది కదా?" అన్నాడు కోటిలింగం.

ఇద్దరూ ఆవిణ్ణి పీటతో సహా ఎత్తారు. "అత్తా, నువ్వు మాకు ఆనందం ఇస్తున్నావా?"

నాగరత్తమ్మ నోటినిండా తాంబూలం ఉంది. ఉమ్మడానికి దారిలేదు, మింగడానికి మనసులేదు. "ఊఁ... ఊఁ..." అంది.

"ఊఁ అంటే జవాబేనా?" అన్నాడు పిచ్చయ్య.

"ఊఁ అంటే ఏవిటో తెలీదు. తెలిసేలా చెప్తేనే జవాబు," అంది మాణిక్యం.

అంతే. ఎత్తుకు పెంచిన మేనత్తని ఎత్తుకెళ్ళి వీధిలో చేటకీ రోలుకీ మధ్య దింపేశారు. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు. నాగరత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు తాంబూలమంతా ఒక్కసారి ఉమ్మేసి, నోరు ఖాళీ చేసుకుని, వీధి దద్దరిల్లేలా కేకేసింది.

"ఒరే సన్నాసుల్లారా! మీ అమ్మ పోయిన్నాడు మీ ఇద్దర్నీ చెరో చంకనా వేసుకుని ఊరంతా తిరిగి పాలు పట్టిస్తే, పెద్దాడివి నువ్వు నా జుట్టు పీకావు, చిన్నాడివి నువ్వు నా చీర తడిపావు! అప్పుడడిగానట్రా మిమ్మల్ని, ఆనందం ఇస్తున్నారా అని!"

అన్నదమ్ములిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కోటిలింగం కళ్ళు చెమర్చాయి.

"జవాబొచ్చిందిరా," అన్నాడు.

"అన్నింట్లోకీ పెద్ద జవాబు," అన్నాడు పిచ్చయ్య.

ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి మేనత్తని పీటతో సహా మళ్ళీ ఎత్తుకొచ్చి, ఇత్తడి చెంబు పక్కన కూర్చోబెట్టారు. మిగతా సామానంతా సూరాయమ్మ గొణుక్కుంటూ తన పెరట్లోకి చేరవేయించింది, ఎవరూ ఎత్తుకుపోకుండా.

రోలు లేకపోతే పచ్చడి లేదు. పచ్చడి లేకపోతే కోటిలింగానికి ముద్ద దిగదు. "రోలు వీధిలో పారేసింది నువ్వే!" అన్నాడు. "ఎత్తింది మీరే!" అంది మాణిక్యం. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవడం అదే మొదలు. ఎలా పోట్లాడుకోవాలో కూడా తెలీక, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు తమ వంతు కోసం ఆగేవారు.

సరిగ్గా ఆ పొద్దున్నే శశిభూషణ్ గారన్నాడు కదా, "భార్యాభర్తల మధ్య మాట పెరిగితే, ఎవరో ఒకరు ఒక మెట్టు దిగాలి. దిగినవాళ్ళే గెలిచినట్టు!"

"విన్నావా? ఒక మెట్టు దిగాలట," అన్నాడు కోటిలింగం.

"మనింటికి మెట్లేవీ?" అంది మాణిక్యం.

నిజమే. ఆ ఇంటికి అరుగు తప్ప మెట్లు లేవు. ఊళ్ళో మెట్లున్నది కాలవ రేవుకే. ఇద్దరూ ముస్తాబై రేవుకి బయల్దేరారు. పిచ్చయ్యా, నాగరత్తమ్మా తీర్పు చెప్పడానికి వెంట వెళ్ళారు.

రేవులో కోటిలింగం ఒక మెట్టు దిగాడు. "ఇదిగో, నీకోసం దిగాను. నేనే గెలిచాను."

మాణిక్యానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకోసం మీరొకటి దిగితే, మీకోసం నేను రెండు దిగలేనా?" అని రెండు దిగింది.

"అంత ప్రేమ నీకేనా?" అని ఆయన మూడు దిగాడు. ఆవిడ నాలుగు. చీలమండలు తడిశాయి, మోకాళ్ళు తడిశాయి. నడుం మునిగింది.

"దిగకండి, మీకు జలుబు!" "నువ్వే దిగకు, నీకు ఈతరాదు!" "మీకొచ్చా?" "నాకూ రాదు, అయినా దిగుతాను!"

మెడలదాకా వచ్చాయి నీళ్ళు. గట్టుమీంచి నాగరత్తమ్మ, "ఇద్దరూ సమానమేరా, ఇంకొక్క మెట్టు దిగితే తేలిపోతుంది!" అని హుషారిస్తోంది. ఇంకొక్క మెట్టు దిగారు. ఆ మెట్టు అక్కడ లేదు. అంతే, ఇద్దరూ నిజంగానే తేలిపోయారు. అక్కడే బట్టలుతుక్కుంటున్న సూరాయమ్మ చూసి, పిండుతున్న ఆరుగజాల చీర కొస విసిరింది. ఆ కొస పట్టుకుని ఇద్దరూ ఒడ్డుకొచ్చిపడ్డారు. నీళ్ళు కక్కుకుంటూ కూడా, "ఎవరు గెలిచారు?" అని అడిగారు.

సూరాయమ్మ కూలబడిపోయింది. "ఒరే, చచ్చిపోయేవాళ్ళురా! ఆ టీవీ కట్టేయండిరా, మీకు పుణ్యముంటుంది," అంది.

పిచ్చయ్య ఇంటికెళ్ళి టీవీని గౌరి పాత పలుపుతో గుంజకి కట్టేశాడు. కట్టేసినా అది వాగుతూనే ఉంది. "కట్టేసినా మాట్లాడుతున్నాడంటే ఎంత సత్యవంతుడో!" అని నలుగురూ చేతులు జోడించారు.

అప్పుడొచ్చింది అన్నిటికీ మించిన మాట. శశిభూషణ్ గారు రెండు చేతులూ ముందుకి చాచి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆనందం కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. ఎందుకు? మీ ఆనందం మీ చేతుల్లోనే ఉంది!"

నలుగురూ గబుక్కున చేతులకేసి చూసుకున్నారు.

"ముయ్యండర్రా!" అని అరిచాడు కోటిలింగం. "ఎగిరిపోతుంది!"

అంతే, ఎనిమిది గుప్పిళ్ళు టపటపా మూసుకున్నాయి. ఇక తెరవలేదు. తెరిస్తే ఆనందం పోతుంది కదా! ఇన్నాళ్ళూ చేతులు తెరుచుకు తిరిగాం, ఎంత కారిపోయిందోనని నాగరత్తమ్మ గుండెలు బాదుకుంది, మూసిన గుప్పిళ్ళతోనే.

తర్వాత ఆ ఇంట్లో జరిగింది చూసి తీరాలి. తాంబూలం చుట్టడానికి లేదు. జుట్టు దువ్వుకోవడానికి లేదు. సూరాయమ్మ పళ్ళెంలో అన్నం తెచ్చిపెడితే, దూడల్లా వంగి మూతులతో తిన్నారు. పిచ్చయ్య ముక్కుమీద ఈగ వాలితే, ఆ ఈగని తోలడానికి కోటిలింగం గుప్పిటతో ఒక్కటిచ్చాడు. ఈగ ఎగిరిపోయింది, పిచ్చయ్య పడిపోయాడు. పాలు పితికేవాళ్ళు లేక గౌరి పొదుగు బిగిసిపోయి అరుస్తుంటే, సూరాయమ్మే వచ్చి పితికింది. పితుకుతూ, "ఇదివరకు ఈ వేళకి అరుగు మీద నవ్వుతూ ఉండేవాళ్ళు. ఇప్పుడు చూడు, మొహాలు ఎలా పీక్కుపోయాయో," అనుకుంది. అరుగు మీద నలుగురూ గుప్పిళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నారు, పోకుండా కాపలా. కాపలా కాసేవాడికి నవ్వెక్కడ వస్తుంది?

ఇలా ఉండగా శశిభూషణ్ గారు టౌన్లో కొత్త బట్టలకొట్టు తెరవడానికి వస్తున్నాడని మైకులో చెప్పుకుంటూ ఆటో వెళ్ళింది.

"వెళ్ళి చూపిద్దాం. గుప్పిట్లో పట్టుకున్నామని తెలిస్తే ఎంత సంతోషిస్తాడో," అన్నాడు కోటిలింగం.

బస్సెక్కారు. బస్సులో రాడ్డు పట్టుకోవడానికి చేతుల్లేవు కదా. బస్సు ముందుకి కదిలితే నలుగురూ వెనక్కి, బ్రేకు పడితే నలుగురూ ముందుకి. డ్రైవరు దగ్గరికి దొర్లుకుంటూ వెళ్ళినప్పుడల్లా, "మళ్ళీ వచ్చామండీ," అని పలకరించారు.

బట్టలకొట్టు ముందు జనం ఇసకేస్తే రాలడం లేదు. శశిభూషణ్ వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, తాడు కట్టిన వరస వెంట నడుస్తూ అందరికీ చేతులు కలుపుతున్నాడు. ముందువరసలో కోటిలింగం గుప్పిట చాచి నిలబడ్డాడు. ఆయన నవ్వి, "పెద్దాయన చెయ్యివ్వడానికి మొహమాటపడుతున్నాడు," అని ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, గట్టిగా ఊపి, ముందుకెళ్ళిపోయాడు.

కోటిలింగం అరచెయ్యి చూసుకున్నాడు. ఖాళీ.

"ఓరి నాయనో! నా ఆనందం పట్టుకుపోతున్నాడు! పట్టుకోండి! దొంగ!"

ఇంకేముంది. పిచ్చయ్య తాడు కిందనించి దూరాడు. మాణిక్యం తాడు మీంచి దూకింది. నాగరత్తమ్మ తాడుతో సహా వెళ్ళింది, ఆవిడ వెనకే తాడు కట్టిన కర్రలూ, ఆ కర్రలు పట్టుకున్న పోలీసులూ. వెళ్ళి వెళ్ళి నలుగురూ తుఫాన్ స్టార్ మీద పడ్డారు. ఆయన తొడకొట్టలేదు, లారీలు ఎగరెయ్యలేదు. "అమ్మా!" అన్నాడు, మామూలు మనిషిలాగే.

జనం ముందు గొడవెందుకని కొట్టువాళ్ళు అందర్నీ కలిపి వెనకున్న చీరల గదిలోకి తోసి తలుపులు మూశారు. శశిభూషణ్ చీరల మూట మీద కూర్చుని చొక్కా సర్దుకున్నాడు. దగ్గర్నించి చూస్తే మొహమ్మీద రంగుంది, ఆ రంగు కింద బోలెడంత అలసట ఉంది.

"ఎవరండీ మీరు? నేనేం చేశాను మీకు?" అన్నాడు.

కోటిలింగం చెప్పాడు. పెంటగుంట సంగతి, రోలు సంగతి, కాలవ సంగతి, గుప్పిళ్ళ సంగతి. దాచుకోకుండా అంతా చెప్పి, "ఆ రోజు మీరు చెప్పకపోతే మాకు ఆనందం లేదని మాకు తెలిసేదే కాదండీ. తెలియక రోజూ నవ్వుకుంటూ ఉండేవాళ్ళం," అని దణ్ణం పెట్టాడు.

శశిభూషణ్ మొహమ్మీది రంగు అరచేతులతో తుడుచుకున్నాడు.

"ఆ మాటలు నావి కావు పెద్దాయనా," అన్నాడు. "ఎవరో రాసిస్తారు. నేను చదువుతాను. నా ఆనందం ఎక్కడుందో నాకే తెలీదు. నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో."

నాగరత్తమ్మ ముందుకి జరిగింది. "అయ్యో నాయనా! ఊరందరికీ చెప్పి నువ్వే చూసుకోలేదా? ఏదీ, చెయ్యి చూపించు," అని ఆయన రెండు అరచేతులూ తెరిపించి చూసింది. ఇటు తిప్పించింది, అటు తిప్పించింది. కాస్త మొహానికి రాసుకున్న రంగు తప్ప ఇంకేం లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా వాడి దగ్గర తీసుకున్నది కూడా అప్పుడే జార్చేసుకున్నావా? పోనీలే. ఇదిగో, నాది తీసుకో. నేను ముసల్దాన్ని, నాకెంతకాలం కావాలి?" అని తన రెండు గుప్పిళ్ళూ ఆయన దోసిట్లో జాగ్రత్తగా ఒంపి, ఆయన వేళ్ళు తనే మూసింది. "నీళ్ళు తాగేటప్పుడు మాత్రం జాగ్రత్త నాయనా."

శశిభూషణ్ మూసిన తన చేతులకేసి చూసుకున్నాడు. ఒక్కసారి ఫక్కున నవ్వాడు. నవ్వి నవ్వి చీరల మూట మీంచి కిందికి జారిపోయాడు. ఆయన్ని చూసి పిచ్చయ్య నవ్వాడు. పిచ్చయ్యని చూసి మాణిక్యం, ఆవిణ్ణి చూసి కోటిలింగం. ఎన్నాళ్ళకో మళ్ళీ నలుగురూ కడుపులు పట్టుకుని నవ్వారు. కడుపులు పట్టుకోవాలంటే మిగిలిన గుప్పిళ్ళు కూడా తెరవాలి కదా, తెరిచేశారు. ఆ సంగతి గమనించనేలేదు.

శశిభూషణ్ కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఇకనించి నా మాటలు వినకండి. నేనే చెప్తున్నాను."

పిచ్చయ్య బుర్ర గోక్కున్నాడు. "వినొద్దన్న మాట వినాలాండీ, వద్దాండీ?"

"అదొక్కటి విని, ఇంకేం వినకండి. హాయిగా ఇంటికెళ్ళి మీ పని మీరు చూసుకోండి," అని నలుగురికీ పేరుపేరునా చెప్పి, నాగరత్తమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. రెండు చేతులూ మూసుకునే వెళ్ళాడు.

ఇంటికొచ్చారు. సూరాయమ్మ వీళ్ళ మొహాల్లో నవ్వు చూసి, "హమ్మయ్య, వదిలింది పీడ," అని పెరట్లో దాచిన చేటా, కత్తిపీటా, జాడీ, రోలూ అన్నీ తెచ్చి ఇచ్చేసి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం దాకా ఆ ఇంట్లోంచి చప్పుడు లేదు. పొయ్యి పొగ లేదు. గౌరి మాత్రం గొంతుపోయేలా అరుస్తోంది. ఏమైందోనని సూరాయమ్మ వచ్చి చూసేసరికి, మాణిక్యం పెరట్లో అంట్లగిన్నెల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని వాటికేసే చూస్తోంది. కోటిలింగం గొడ్లచావిడిలో పేడకుప్ప ముందు కూర్చుని చూస్తున్నాడు. పిచ్చయ్య గడ్డివామికేసి చూస్తున్నాడు. నాగరత్తమ్మ చెరగాల్సిన బియ్యంకేసి చూస్తోంది.

"ఏం చేస్తున్నార్రా?"

"మా పని మేం చూసుకుంటున్నాం పిన్నీ," అన్నాడు కోటిలింగం, పేడ మీంచి చూపు తిప్పకుండా.

"చూస్తే అవుతుందట్రా? చెయ్యరూ?"

"చెయ్యమని చెప్పలేదు. చూసుకోమన్నాడు. పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నాం. కళ్ళు లాగేస్తున్నాయనుకో, అయినా తప్పదు."

ఇంతలో మాణిక్యం కొంచెం చావిడివైపు తల తిప్పింది. "ఏయ్! అది నా పేడ! నీ పని నువ్వు చూసుకో!" అని గద్దించాడు కోటిలింగం.

సూరాయమ్మకి తల పగలగొట్టుకోవాలనిపించింది. కానీ చూస్తూ చూస్తూ ఆకలితో వదిలెయ్యలేకపోయింది. ఇంటికెళ్ళి కుండెడు అన్నం, పులుసు తెచ్చి నలుగురికీ పెట్టింది. మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, పొద్దుటికి చద్దికుంటుందని వంటింట్లో పెట్టింది.

"ఇంక చూసింది చాలు. పొద్దుగూకుతోంది. తలుపేసుకుని పడుకోండి. రేపు నేనొచ్చి ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ చెప్తాను," అని విసురుగా వెళ్ళిపోయింది.

నలుగురూ ఒకళ్ళకేసి ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏం వేసుకుని పడుకోమంది?" అన్నాడు పిచ్చయ్య.

"తలుపు," అంది మాణిక్యం.

అంతే. అన్నదమ్ములిద్దరూ గునపం తెచ్చి వీధి తలుపు బందులు ఊడబీకారు. పాతకాలం టేకు తలుపు, ఒంటిరెక్కది, బరువంటే అంతా ఇంతా కాదు. ఆపసోపాలు పడుతూ లోపలికి మోసుకొచ్చారు. నలుగురూ వరసగా చాపమీద పడుకుని, తలుపుని మెల్లగా మీదకి లాక్కుని వేసుకున్నారు. నాగరత్తమ్మకి మెడదాకా వచ్చింది. పిచ్చయ్యకి కాళ్ళు బయటికొచ్చాయి.

"కప్పుకున్నావా అత్తా?"

"కప్పుకున్నానురా. కాస్త గరుగ్గా ఉంది."

బయట గౌరికి పొద్దుట్నించీ గడ్డిపరక లేదు. పలుపు తెంపుకుంది. వాకిలి బార్లా తెరిచి ఉంది కదా, తిన్నగా ఇంట్లోకి నడిచింది. వంటింట్లో కుండ మూత దొర్లింది. చద్దన్నం జుర్రుతున్న చప్పుడు.

"ఏవండోయ్, ఇంట్లోకి ఎవరో వచ్చినట్టున్నారు," అంది మాణిక్యం ఊపిరాడక.

కోటిలింగం తలుపు కిందనించే నవ్వాడు. "నీకు భయమెక్కువే. తలుపేసుకున్నాక ఇంట్లోకి ఎవరు రాగలరే!"

"అయినా గడియ పెట్టలేదన్నయ్యా," అన్నాడు పిచ్చయ్య.

"మంచిమాట గుర్తుచేశావురా," అని కోటిలింగం తలుపు పక్కనించి చెయ్యి పైకి పోనిచ్చి, తడుముకుని, గడియ ఠక్కున లాగాడు. అంతే, నలుగురూ నిశ్చింతగా గురకపెట్టారు.